ట్రంపెట్‌కు కొబ్బరినూనె వద్దు



రిపబ్లిక్ డే ఉదయం మా బ్యాండ్‌లో ఒక బాబు ట్రంపెట్ వాల్వ్ నొక్కితే మళ్లీ పైకి లేవలేదు. "ఇంటికి తీసుకెళ్లి ప్రాక్టీస్ చేయలేదా?" అని కసిరాను. తప్పు వాడిది కాదు. ఇంట్లో ప్రేమగా కొబ్బరినూనె వేశారు. జనవరి చలికి సీసాలో గడ్డకట్టినట్టే అది వాల్వ్‌లోనూ గడ్డకట్టింది.

వాల్వ్‌కూ గొట్టానికీ మధ్య సందు వెంట్రుకంత కూడా ఉండదు. అందుకే పల్చటి వాల్వ్ ఆయిలే కావాలి. మూడు వాల్వ్‌లనూ మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కోదానికి మూడు నాలుగు చుక్కలు వేస్తే చాలు. స్లైడ్లకు మాత్రం గ్రీజు రాయాలి.

మన నూజివీడు రసాలు తిన్న రోజు నోరు పుక్కిలించాకే ఊదనివ్వండి. తీపి లోపల జిగురుగా పట్టేస్తుంది.

వాయిద్యం మొరాయిస్తే ముందు నూనె చూద్దాం. పిల్లల్ని కోప్పడటం తర్వాత.