స్టైల్ తప్ప ఇంకేం లేదట!

“బాగా తీశాడు గానీ కథేం లేదు.” మన సినిమా సమీక్షల్లో ఇంతకంటే అరిగిపోయిన వాక్యం ఇంకోటి ఉండదేమో. హాంగ్‌కాంగ్ గ్యాంగ్‌స్టర్ సినిమా అయినా, కొరియన్ థ్రిల్లరైనా, జపాన్ యకూజా సినిమా అయినా చివరికి ఇదే తీర్పు. ఈ వాక్యం వెనకాల ఒక నమ్మకం ఉంది. సినిమా అంటే కథ, మిగతాదంతా దానిమీద పూసిన రంగు అని. నా ఉద్యోగంలోనూ ఇలాంటివాళ్లు తగులుతుంటారు. అసలు పనంతా లోపల జరుగుతుంది, పైన కనపడే స్క్రీన్‌ని చివర్లో ఎవరో ఒకరు అతికిస్తారులే అనుకుంటారు. అలా తయారైన సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో, ఏదో ఒక టికెట్ బుక్ చేసుకోవడానికి కుస్తీ పట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. ఆ నమ్మకం సినిమాల విషయంలో ఇంకా పెద్ద తప్పని నా వాదన.

ఉదాహరణలతోనే మాట్లాడుకుందాం. జానీ టో 1999లో ‘ది మిషన్’ తీశాడు. చాలా తక్కువ బడ్జెట్టు, మూడు వారాల లోపే షూటింగు. ఒక ముఠా నాయకుణ్ణి కాపాడ్డానికి ఐదుగురు బాడీగార్డులు కుదురుతారు. కథ అడిగితే దాదాపు ఇంతే. అందులో షాపింగ్ మాల్ కాల్పుల సన్నివేశం ఒకటుంది. మనకి అలవాటైన ఎగరడాలు, దొర్లడాలు ఏమీ ఉండవు. ఐదుగురూ తలో స్తంభం పక్కన కదలకుండా నిలబడతారు. ఎవరు ఎటువైపు చూస్తున్నారు, ఎవరి వీపు ఎవరు కాస్తున్నారు అన్నది వాళ్లు నిలబడ్డ తీరులోనే తెలిసిపోతుంది. ఇంకోచోట, బాస్ గది బయట ఏం తోచక, ఒక కాగితం ఉండని ఒకళ్ల కాళ్ల దగ్గర్నుంచి ఇంకొకళ్ల కాళ్ల దగ్గరికి తన్నుకుంటూ ఆడుకుంటారు. మాటల్లేవు. నవ్వులు కూడా లేవు.

తర్వాత ఆ ఐదుగురిలో ఒకణ్ణి చంపే పని ఇంకొకడి మీద పడుతుంది. అప్పుడు మనకెందుకు గుండె బరువెక్కుతుంది? “మనం స్నేహితులంరా” అని అప్పటిదాకా ఎవడూ అన్లేదే! ఫ్లాష్‌బ్యాక్ లేదు, పాట లేదు. ఆ స్నేహాన్ని కట్టింది ఆ నిలబడటమూ, ఆ కాగితం ఉండా. ఆ రెండూ తీసేయండి, ఇక చెప్పడానికి కథే మిగలదు. మరి అది పైపూత ఎలా అయింది?

ఇదే టో 2005లో ‘ఎలక్షన్’ తీశాడు. ఒక ట్రయాడ్ ముఠా రెండేళ్లకోసారి తన నాయకుణ్ణి ఓట్లేసి ఎన్నుకుంటుంది. గ్యాంగ్‌స్టర్ సినిమా, కానీ ఒక్క తుపాకీ పేలదు. కర్రలు, కత్తులు, రాళ్లు. తుపాకీ అయితే దూరం నుంచి పని అయిపోతుంది. రాయితో చంపాలంటే దగ్గరికి వెళ్లాలి, చాలాసేపు పడుతుంది. అధికారం కోసం మనిషి ఎంత దూరం వెళ్తాడో చెప్పడానికి టో ఉపన్యాసం రాయలేదు, ఆయుధాన్ని మార్చాడు. మరుసటేడు వచ్చిన రెండో భాగంలో మెయిన్‌లాండ్ చైనా పోలీసు అధికారి ఈ ముఠా ఎన్నికల్లో వేలు పెడతాడు. తమ చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ని నేరుగా ఎన్నుకునే ఓటు లేని ఊళ్లో, 1997లో చైనా చేతికి వచ్చిన ఊళ్లో, ఒక దొంగల ముఠా ఎన్నికల గురించి సినిమా! దీన్ని “స్టైలిష్ క్రైమ్ డ్రామా” అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లని చూస్తే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఇక పార్క్ చాన్-వుక్ ‘ఓల్డ్‌బాయ్’ (2003). కారిడార్‌లో సుత్తి ఫైటు గురించి ఎవరిని అడిగినా “సింగిల్ షాట్ భయ్యా!” అంటారు. నిజమే, ఆ షాట్ కోసం మూడు రోజుల్లో పదిహేడు టేకులు తీశారు. కానీ అందులో గొప్ప, కట్ లేకపోవడం ఒక్కటే కాదు. కెమెరా పక్కనుంచి, కాస్త దూరంగా, పాత వీడియో గేమ్‌లోలాగా జరుగుతూ పోతుంది. కట్ లేదు కాబట్టి ఆ మనిషి అలసిపోవడం మనం దాటేయలేం. కిందపడతాడు, రొప్పుతాడు, మళ్లీ లేస్తాడు. ఎదుటివాళ్లూ రొప్పుతారు. పదిహేనేళ్లు ఒక గదిలో బంధించబడ్డవాడి కోపం ఎంత మొండిదో, ఎంత నిష్ప్రయోజనమో రెండూ ఆ ఒక్క షాట్‌లోనే ఉన్నాయి. ఇరవైమందిని కొట్టాక కూడా ఇస్త్రీ నలగని హీరోలని చూసి పెరిగిన మనకి ఈ తేడా అందరికంటే ముందు తెలియాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఖాళీ సినిమాలు లేవా, ఉత్త హంగులు లేవా అని. ఎందుకు లేవు, బోలెడున్నాయి. మన దగ్గర ‘స్టైలిష్’ అంటే కళ్లద్దాలు, స్లో మోషన్, విదేశాల్లో ఒక పాట అని అర్థం స్థిరపడిపోయింది. నేను వాటి తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. తేడా కనిపెట్టడానికి పరీక్ష చాలా తేలిక. ఆ తీసిన పద్ధతిని తీసేసి చూడండి. సినిమా చెప్పే విషయం చెక్కుచెదరకుండా ఉంటే అది అలంకారం. విషయమే మాయమైతే అది ఆలోచన. 1989లో ‘శివ’ మన సినిమాని ఒక్క కుదుపు కుదిపింది కాలేజీ రౌడీల కథ కొత్తదని కాదు. ఆ కెమెరా పరిగెత్తిన తీరుకీ, ఆ శబ్దానికీ, ఆ నిశ్శబ్దానికీ భయపడ్డాం.

అసలు సాహిత్యం చదివేవాళ్లు ఈ మాట అనడమే నాకు వింత. పెద్దన మనుచరిత్రకి మూలం మార్కండేయ పురాణంలో ఉంది. మారన దాన్ని అంతకుముందే తెలుగు చేశాడు. కథ కోసమే అయితే మారన చాలు, పెద్దన ఎందుకు? వామనుడు కావ్యానికి రీతినే ఆత్మగా నిలబెట్టి పన్నెండు వందల ఏళ్లయింది. పద్యం దగ్గర ఇదంతా ఒప్పుకుని, సినిమా దగ్గరికి రాగానే “కథేదీ?” అంటే ఎలా?

ఇదంతా రుచుల తేడా కదా, ఇంత గొడవెందుకు అనకండి. ఈ వాక్యానికి బలైన మనిషి ఉన్నాడు. సెయిజున్ సుజుకి నిక్కాట్సు స్టూడియోలో పన్నెండేళ్లలో దాదాపు నలభై సినిమాలు తీశాడు. స్టూడియో చేతికిచ్చిన మామూలు యకూజా కథలే. ‘టోక్యో డ్రిఫ్టర్’ (1966) కథ ఏముంది? బాస్‌ని నమ్మినవాణ్ణి బాస్ మోసం చేస్తాడు. సుజుకి ఆ పాత కథని రంగులతో తీశాడు. లేత నీలం సూటు వేసుకున్న హీరో, పసుపుపచ్చ క్లబ్బు, చివర్లో దాదాపు ఏమీ లేని తెల్లటి క్లబ్బులో కాల్పులు. నమ్మకం పోయినవాడికి లోకం ఎంత బోసిగా కనిపిస్తుందో ఆ తెలుపు చెబుతుంది. మరుసటేడు ‘బ్రాండెడ్ టు కిల్’. ఉడుకుతున్న అన్నం వాసనకి మత్తెక్కే హంతకుడు, తుపాకీ దూరదర్శిని మీద సీతాకోకచిలుక వాలడంతో గురి తప్పుతాడు. 1968లో స్టూడియో అధిపతి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. కారణం? ఈయన సినిమాలు అర్థం కావు, డబ్బులూ రావు! సుజుకి కోర్టుకెళ్లాడు. 1971లో రాజీ కుదిరింది గానీ మిగతా స్టూడియోలూ తలుపులు మూసేశాయి. మళ్లీ ఆయన సినిమా థియేటర్‌కి వచ్చింది 1977లో. నలభైల్లో ఉన్న దర్శకుడికి పదేళ్లు పోయాయి. “కథ అర్థం కాలేదు” అనేది అమాయకమైన మాటగా నాకు ఎప్పుడూ వినపడదు.

ఇంకో సంగతి. వాంగ్ కార్-వై ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ (2000) అంటే ఆర్ట్ సినిమా ప్రియులందరికీ ప్రాణం. మ్యాగీ చుంగ్ నూడుల్స్ డబ్బా పట్టుకుని మెట్లు దిగుతుంటే వచ్చే ఆ వయొలిన్ సంగీతం ఉందే, అది ఉమెబయాషి స్వరపరచింది. ఎవరికోసమో తెలుసా? సుజుకి తీసిన ‘యుమేజి’ (1991) కోసం. అర్థం కావని గెంటేసినవాడి సినిమాలోంచి వచ్చిన సంగీతాన్ని వింటూ అందరం కళ్లు తుడుచుకున్నాం.

నేనడిగేది ఒక్కటే. ఈసారి ఇలాంటి సినిమా గురించి రాసేటప్పుడు, కథాసారాంశానికి కేటాయించే నాలుగు పేరాల్లో రెండు తగ్గించండి. కెమెరా ఎక్కడుంది, ఎందుకు అక్కడే ఉంది, మనుషులు ఎంత ఎడంగా నిలబడ్డారు, ఏ రంగు ఎప్పుడు మారింది అన్నవి రాయండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చూసి తిట్టండి. ఎక్కడ మొదలెట్టాలో తెలీకపోతే ‘ది మిషన్’ ఉంది. గంటన్నర కూడా పట్టదు. కాగితం ఉండ వచ్చినప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి.