మొదటి వలస మా గడప దగ్గరే

'ది కైట్ రన్నర్' సినిమాను కలికిరిలో మా ఇంట్లోనే, మా అమ్మాయి లాప్‌టాప్‌లో చూశాను. ఖాలెద్ హుసేనీ నవల ఆధారంగా మార్క్ ఫార్‌స్టర్ తీసిన సినిమా, 2007లో వచ్చింది. చూసినవాళ్ళంతా చివర్లో హీరో చేసుకునే ప్రాయశ్చిత్తాన్నే మెచ్చుకుంటారు. నేను మాత్రం అంతకు చాలా ముందే, ఒక గడియారం దగ్గర ఆగిపోయాను.

కాబూల్‌లో ఉన్నవాళ్ళింటి పిల్లవాడు అమీర్, పష్తూన్. వాళ్ళింటి పనివాడి దగ్గర పెరిగే హసన్, హజారా. పిల్లలిద్దరూ కలిసి గాలిపటాలు ఎగరేస్తారు. అమీర్ పోటీ గెలిచిన రోజు, తెగిన పటాన్ని వాడికోసం తేబోయిన హసన్‌ను ఒక సందులో ముగ్గురు చుట్టుముట్టి ఘోరం చేస్తారు. అమీర్ చాటు నుంచి చూసి పారిపోతాడు. అది భయం. పన్నెండేళ్ళ పిల్లవాడి భయాన్ని నేను క్షమించగలను. ఆ తర్వాత చేసింది వేరు. హసన్ ఎదురుపడినప్పుడల్లా తన పిరికితనం గుర్తుకొస్తుందని, తన గడియారాన్నే వాడి పక్క కింద పెట్టి దొంగతనం అంటగడతాడు. హసన్ ఎదురు చెప్పడు, నేనే తీశానంటాడు. వాడూ, వాణ్ణి పెంచిన అలీ మూటలు కట్టుకుని ఇల్లు వదులుతారు.

1979 డిసెంబరులో సోవియట్ సైన్యం రావడం, అమీర్ తండ్రితో దేశం దాటడం, అంత గొప్పాయన కాలిఫోర్నియాలో పెట్రోలు బంకులో పనిచేయడం ఇవన్నీ తర్వాతి సంగతులు. లోకం దాన్ని వలస అంటుంది. కానీ ఆ కథలో మొదట ఇల్లు పోగొట్టుకున్నది హసన్. వాణ్ణి తరిమింది రష్యా కాదు.

1982లో మా ఇంట్లో చెనక్కాయల విత్తనం మూటలోంచి రెండు సేర్లు తీసి అంగట్లో మార్చుకున్నది నేను. టూరింగ్ టాకీసుకు టిక్కెట్టు డబ్బులు కావాలి. మూట తగ్గిందని మా నాయన కనిపెట్టినాడు. మా సేద్యగాడి కొడుకు మీద అనుమానం పోయింది. వాడూ నేనూ ఒక ఈడువాళ్ళం. చెరువులో ఈత వాడే నేర్పించినాడు నాకు. సంగటి, ఊరిబిండి నాకు ఇంట్లో, వాడికి కొట్టంలో సొట్టలు పడిన సత్తుగిన్నెలో. "ఇద్దరూ అన్నదమ్ముల మాదిరి పెరుగుతుండారు" అని మావాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు మా నాయన పలుపుతాడుతో వాణ్ణి కొట్టినాడు. నేను వాకిలి తలుపు వెనక నిలబడి చూసినాను. నా పని వాడికి తెలుసు. అంగడి దాకా నాతోపాటు వచ్చినాడు. అయినా వాడు నోరు విప్పలేదు. మరుసటి వారం వాళ్ళు మా ఇంట్లో పని మానుకున్నారు.

వాడి పేరు ఇక్కడ రాయను. ఈ కథ వాడిది కూడా, వాణ్ణి అడగలేదు.

పెద్దయినాక వాడు కువైట్‌కు పోయినాడు. రాయచోటి నుంచి మా దాకా, గల్ఫ్‌లో మనిషి లేని ఊరు తక్కువ. ఎందుకు పోయినారంటే కరువు అంటాం, అప్పులంటాం. రెండూ నిజమే. వాటి పక్కన ఇంకో కారణం కూడా ఉందని నా నమ్మకం. మా బోటి ఇండ్లలో పడిన దెబ్బల్ని, నిందల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మంది భారతీయుల్ని విమానాల్లో తెచ్చినారు, ఎక్కువమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి. వాళ్ళలో వాడూ ఒకడు. చేతిలో ఒక్క సంచితో కలికిరిలో బస్సు దిగుతుంటే చూసి, నేను టీ అంగడి వెనక్కి తప్పుకున్నాను. ఆ పొద్దు నాకు ఇరవై ఏండ్లు, పిల్లవాణ్ణి కాదు.

ఈ సినిమా వల్ల నిజం పిల్లలు కూడా ఊరు వదలాల్సి వచ్చింది. ఆ సందు దృశ్యం చూసి కాబూల్‌లో దాడులు జరుగుతాయన్న భయంతో నిర్మాణ సంస్థ విడుదలను నవంబరు నుంచి డిసెంబరుకు జరిపి, నటించిన పిల్లల్ని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు తరలించింది. పెద్దలు చెప్పదలచుకున్న కథకు మూల్యం మళ్ళీ పిల్లలే కట్టినారు.

అమీర్ ప్రాయశ్చిత్తాన్ని నేను తక్కువ చేయడం లేదు. తాలిబాన్ల కాబూల్‌కు పోయి, తన్నులు తిని, హసన్ కొడుకును తెచ్చుకుంటాడు. కానీ అప్పటికి హసన్ చనిపోయి ఉంటాడు. "నువ్వు దొంగవు కావు" అన్న మాట వినాల్సిన మనిషి విననే లేదు. మనం చప్పట్లు కొట్టే ముక్తి అమీర్‌ది.

మా నాయన పోయి నాలుగేండ్లు. మా సేద్యగాడి కొడుకు మళ్ళీ కువైట్‌కే పోయి, ఇప్పుడక్కడ డ్రైవరు, వచ్చే నెల సెలవు మీద వస్తాడని తెలిసింది. మా అమ్మ ఇప్పటికీ చెనక్కాయలు ఒలిచేటప్పుడు ఆ పాత దొంగతనం ఎత్తుతుంది. సినిమా చూసిన మర్నాడు ఆమె పక్కన కూర్చుని, ఆ రెండు సేర్లు తీసింది నేనని చెప్పినాను. చేట పక్కకు జరిపి చాలాసేపు పలకలేదు.

"వాళ్ళమ్మ ఉందా ఇంకా?" అని అడిగింది.

లేదన్నాను.