అద్దె ఇల్లే కదా!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అద్దెకిచ్చి చూడు అనటం మాత్రం మరిచిపోయారు. వాళ్ళ కాలంలో టులెట్ బోర్డులు లేవు కాబోలు!

ఇంటివాళ్ళ మీద ఛలోక్తులు విసరటం మనకి ఆనవాయితీ. రాత్రి తొమ్మిది కొట్టగానే మోటారు కట్టేసే ఇంటాయన, మనింటికి చుట్టాలొస్తే బకెట్లు లెక్కపెట్టే ఇంటావిడ - వీళ్ళని చూసి ఎన్నేళ్ళనుంచో నవ్వుకుంటున్నాం. నేనూ నవ్వాను. ఉద్యోగం పేరు చెప్పి ఉభయ గోదావరి జిల్లాల్లో తొమ్మిది కొంపలు మారినవాణ్ణి, ఆ మాత్రం హక్కు నాకుంది. కాని ఇవ్వాళ నేను వకాల్తా పుచ్చుకుంటున్నది ఇంటివాళ్ళ తరఫునా కాదు, అద్దెకున్నవాళ్ళ తరఫునా కాదు. ఇంటి తరఫున. పాపం, దానికి నోరు లేదు.

మన అద్దెదార్లకి ఒక మంత్రం ఉంది. "అద్దె ఇల్లే కదా!" కుళాయి బొట్టుబొట్టుగా కారుతోందా? అద్దె ఇల్లే కదా. ఏడాదికో క్యాలెండరు, క్యాలెండరుకో మేకు, మేకుకో గుప్పెడు సున్నం రాలిందా? అద్దె ఇల్లే కదా. వంటింటి తూము పొంగుతోందా? ఇంటివాడొచ్చి చూసుకుంటాడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత చెప్పుకునే ఊళ్ళు మనవి. ఆ పులస పొలుసులూ ముళ్ళూ తూములోకి తోసేసి, అది పూడుకుపోతే బాగుచేసేవాడికి పది రూపాయలివ్వటానికి మాత్రం మనకి చెయ్యి రాదు!

"అద్దె కడుతున్నాం కదండీ" అంటారు. కడుతున్నారు, కాదనను. కాని ఆ అద్దె దేనికి? ఉండటానికి. పాడుచెయ్యటానికి కాదు. వెనకటికి గంటల లెక్కన అద్దె సైకిళ్ళు ఇచ్చేవారు. అర్ధరూపాయి కట్టాను కదా అని ఆ సైకిల్ని ఎవడైనా గోదాట్లో పడేసి వచ్చాడా?

ఇంత ధర్మపన్నాలు చెబుతున్నవాడు తనేం చేశాడూ అని మీరు అడుగుతారు. అడగాలి కూడాను. చెబుతాను.

1996 నవంబరు తుఫాను కోనసీమని ఎలా ఊడ్చేసిందో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొబ్బరితోటలు తోటలే నేలకూలాయి. ఆ తర్వాత మూడో ఏట అమలాపురంలో ఒక పెంకుటింట్లో ముందు వాటా అద్దెకి తీసుకున్నాను. వెనక వాటాలో ఇంటి యజమానురాలు మామ్మగారు ఒక్కరే ఉండేవారు. నేనిచ్చే అద్దె తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు. అంత తుఫానుకీ నాలుగు పెంకులెగరటం తప్ప ఆ ఇల్లు చెక్కు చెదరలేదని ఆవిడ గొప్పగా చెప్పుకునేవారు.

రెండు కప్పులు కలిసేచోట వాననీరు పోవటానికి ఒక రేకు కాలువ ఉండేది. పక్కవాళ్ళ మామిడాకులన్నీ అందులోనే పడేవి. నెలకోసారి నిచ్చెన వేసుకుని ఎక్కి తీసేస్తే సరిపోయేది. నేను ఎక్కలేదు. శ్రావణమాసం వానలకి గోడ మీద ఒక చెమ్మ మరక కనిపించింది. మర్నాటికి అది కిందికి దిగింది. నేనేం చేశానంటారు? మంచం రెండడుగులు ఇవతలికి జరిపాను. అదీ నేను చేసిన మరమ్మత్తు!

మామ్మగారితో చెప్పనైనా చెప్పలేదు. చెబితే, "కాస్త ఆ ఆకులు తీసెయ్యి బాబూ" అంటారేమోనని భయం. సంక్రాంతికి వెల్లవేయించటానికి మనుషులొచ్చి చూస్తే, దూలం కొస గోడలో ఉన్నంతమేరా పుచ్చిపోయి ఉంది. చేత్తో నలిపితే పొడి రాలింది. వడ్రంగి కూలీ, కొత్త దూలం, పెంకులు దించి మళ్ళీ నేయించటం - అన్నీ కలిపి నేను ఎనిమిది నెలలకిచ్చే అద్దె ఖర్చయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అన్లేదు. "ముందే తెలుస్తే బావుణ్ణు బాబూ. నేనా ఎక్కి చూళ్ళేను" అన్నారు, అంతే. ఆ ఏడు ఆవిడ కంటి ఆపరేషను వాయిదా వేసుకున్నారని తర్వాత తెలిసింది. తుఫానుకి లొంగని ఇల్లు నా బద్ధకానికి లొంగింది.

ఇదంతా మంచితనం గురించి చెబుతున్న కబురనుకోకండి. చట్టం కూడా ఈ మాటే అంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చూడండి. వేరే ఒప్పందం లేకపోతే, అద్దెకున్నవాడు ఇల్లు పుచ్చుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే కాపాడి, ఖాళీ చేసేటప్పుడు అలాగే అప్పగించాలి. వాడకంలో సహజంగా అరిగినదానికీ, మనిషి ఆపలేని ఉపద్రవానికీ మాత్రం మినహాయింపు. తుఫాను ఆ మినహాయింపులోకి వస్తుంది. మామిడాకులు రావు.

2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తయారుచేసి రాష్ట్రాల ముందు పెట్టింది. అందులో పనులు చక్కగా పంచారు. సున్నాలూ, తలుపులకీ కిటికీలకీ రంగులూ, పాడైన గొట్టాలు మార్చటం, కరెంటు వైరింగు - ఇవి ఇంటివాడివి. కుళాయీ దాని వాషరూ, తూము శుభ్రం, స్విచ్చీలు, తాళాలు, పగిలిన కిటికీ అద్దాలు - ఇవి అద్దెకున్నవాడివి. ఏదైనా పాడైతే వీలైనంత త్వరగా ఇంటివాడికి తెలియజెయ్యటం కూడా అద్దెదారు బాధ్యతే అని రాశారు. అంటే, మంచం జరపటం మరమ్మత్తు కాదని ఢిల్లీ వాళ్ళకి కూడా తెలిసిందన్నమాట!

"బాగానే చెప్పారు గాని, మా ఇంటాయన సంగతి మీకు తెలీదండీ. అద్దె పెంచటం తప్ప మేకు ముక్క కూడా కొనడు. అడ్వాన్సు తిరిగివ్వమంటే ఊరెళ్ళిపోతాడు. అలాంటివాడి ఇల్లు నేనెందుకు చూడాలి?" అంటారు. నిజమే, అలాంటివాళ్ళున్నారు. కాని ఆయన మీద కోపం ఇంటి మీద చూపిస్తే ఆయనకేం నొప్పి? చెమ్మగోడ మీది స్విచ్చి నొక్కేది మీ పిల్లాడు. పొంగిన తూము వాసన పీల్చేది మీ ఆవిడ. దానికీ దారి ఆ 108వ సెక్షనులోనే ఉంది. ఇంటివాడు చెయ్యవలసిన మరమ్మత్తు, మీరు తెలియజేశాక కూడా తగిన గడువులో చెయ్యకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. కాని తెలియజెయ్యాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద తేదీ వేసి మరీ ఇవ్వాలి. అసలు చెప్పనివాడికి పోట్లాడే హక్కెక్కడిది?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ డెల్టా కాలువల నీళ్ళతో బతుకుతున్నాం. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు పూడిక తియ్యకపోతే, గట్లు సర్దకపోతే, శివారు పొలాలకి నీరందదని ఇక్కడి పసిపిల్లాడికి కూడా తెలుసు. కాలువ నా సొంతం కాదు కదా అని ఏ రైతైనా తన పొలం ముందున్న గండిని చూస్తూ కూర్చుంటాడా? పట్టా ఎవరి పేరున ఉన్నా, నీరు పారేది తన చేలోకి. ఇల్లయినా అంతే. దస్తావేజు మామ్మగారిదైతేనేం, ఆ కప్పు కింద పడుకునేది మనం.

మా తొమ్మిదిళ్ళలో ఆ ఒక్క ఇల్లే ఇప్పటికీ కలలోకొస్తుంది, ఆ గోడ మీది మరకతో సహా. అందుకే ఈ గొడవంతా. ఈసారి మీ గోడ మీద చెమ్మ కనబడితే మంచం జరపకండి. వెనక వాటా తలుపు తట్టి, మామ్మగారినొక కేకెయ్యండి.