గోడను కూలగొట్టేది మట్టి కాదు, నీళ్లు

వానలు పడకముందే ఒక్క మాట చెప్పాలని రాస్తున్న. పెరడు ఏటవాలుగా ఉండి, మట్టి జారకుండా గోడ కట్టాలనుకునేటోళ్లు పూర్తిగా చదువుండ్రి.

చింతమడకల మా ఇంటెనుక జాగ దిగువకు వాలి ఉంటది. కూరగాయలు పెడితే వాన వచ్చినప్పుడల్లా పైమట్టి కొట్టుకపోతుండె. ఐదడుగుల ఇటుక గోడ కట్టించి, సిమెంటు పూయించి, వెనుక నల్లమట్టి నింపిన. చూడ ముచ్చటగ ఉండె. రెండో వానకాలానికి గోడ నడుమల కడుపు లెక్క ముందుకు ఉబ్బింది. దాని కిందనే మేకల కొట్టం, పిల్లలు ఆడుకునే జాగ. ఆ రాత్రి నిద్ర పట్టలే. తెల్లారంగనే మనుషులను పెట్టి నేనే కూలగొట్టించిన. తప్పు మేస్త్రీది అనను. నీళ్లు పోయే దారి ఏదని నేను అడగనేలేదు.

మనం చెరువుల కింద బతికినోళ్లం. అలుగు లేకపోతే ఎంత పెద్ద కట్టయినా నిలుస్తదా? గోడ కూడా అంతే. వెనుక నీళ్లు నిలిస్తే గోడ మీద తోపుడు దాదాపు రెండింతలైతది. నల్లమట్టి అయితే నాని ఉబ్బుతది కూడా. ఇంకోటి, గోడ ఎత్తు రెండింతలు చేస్తే తోపుడు నాలుగింతలైతది.

2025 ఏప్రిల్ 30న సింహాచలంల చందనోత్సవం నాడు వానకు గోడ కూలి, క్యూలో నిలబడ్డ ఏడుగురు భక్తులు చనిపోయిండ్రు. అది కొత్తగ కట్టిన గోడనే. కొత్తదని, సిమెంటుదని ధైర్యం పడొద్దు.

నా అభిప్రాయం ఒక్కటే. పైకి కనిపించే నునుపు మీద పెట్టే పైసలు గోడ వెనుక పెట్టుండ్రి. మన ఇండ్లకు సిమెంటు లేకుండ పేర్చిన రాతి కట్టడమే మేలు, రాళ్ల సందులల్ల నుంచి నీళ్లు వాటంతట అవే పోతయి. నేను మళ్ల కట్టింది ఇట్ల:

గట్టి మొరం తగిలేదాక పునాది తవ్విన. అడుగున పెద్ద గుండ్లు పెట్టి, అడుగు వెడల్పు ఎత్తుల సగం ఉంచిన. గోడను కొంచెం వెనక్కి, మట్టి దిక్కు వాల్చిన. వెనుక అడుగు మందం కంకర పోసి, ఆ తర్వాతనే మొరం నింపిన. ఎత్తు మూడడుగులు దాటనీయలే. ఇంకా ఎత్తు కావాల్సిన కాడ రెండు మెట్లుగ కట్టిన. పైన చిన్న కాలువ తీసి, అంచుకు వట్టివేరు గడ్డి నాటిన.

సిమెంటు గోడనే కావాలంటే ప్రతి నాలుగైదు అడుగులకు ఒక మూడించుల పైపు ముక్క, బయటికి వాలేటట్టు పెట్టించుండ్రి. నాలుగడుగులు దాటితే ఇంజనీరును అడగకుండ కట్టొద్దు.

పైపులల్ల నుంచి వచ్చే నీళ్లు పక్కోళ్ల గోడకు తగలకుండ కాలువల కలుపుండ్రి. గోడ కట్టేది మన జాగలనే, కూలితే పడేది మాత్రం దిగువోళ్ల మీద. నాలుగు పైపు ముక్కలు, ఒక ట్రాక్టర్ కంకర కాడ పైసలు చూసుకుంటే ఆ పాపం మనదే.

ఇయ్యాల్నే ఒకసారి మీ ఇంటెనుకకు పోయి చూడుండ్రి. గోడకు కడుపు వచ్చిందా? నీళ్ల బొక్కలు పూడిపోయినయా? వాన పడ్డంక చూసి లాభం లేదు.