తెరమీది అక్షరము – పుటమీది అక్షరము

సంస్కృత గ్రంథములను తెలుగులిపిలో ముద్రించు సంప్రదాయము మనకు దీర్ఘకాలముగా కలదు. వావిళ్లవారి ముద్రణలతో చదువుకొన్న తరము అక్షరస్ఫుటతను గ్రంథగుణములలో ఒకటిగా లెక్కించినది. నేడు మన కళాశాలల సిద్ధాంతవ్యాసములు, పత్రికలు కంప్యూటరుపైననే సిద్ధమగుచున్నవి. ఏ ఫాంటు మేలైనదని అడిగినచో “చూచుటకు అందముగా నున్నది” అను సమాధానము చాలదు. తెర యొక్క ధర్మము వేరు, కాగితము యొక్క ధర్మము వేరు. రెంటిని విడివిడిగా పరీక్షింపక ఫాంటును నిర్ణయించుట తగదని నా అభిప్రాయము.

“అర్థము”, “అర్ధము” అను పదములకు భేదము ఒత్తులోని ఒక్క చుక్క. 12 పాయింట్ల అక్షరమునకు అంగుళములో ఆరవవంతు ఎత్తు. అంగుళమునకు 96 బిందువులు గల తెరపై ఆ ఎత్తునకు లభించునవి 16 బిందువులు మాత్రమే. 600 బిందువుల లేజరు ముద్రణయంత్రముపై 100. ఆ పదునారింటిలోనే తలకట్టు, అక్షరము, ఒత్తు ఇముడవలెను. ఒత్తుపాలికి వచ్చునవి నాలుగో ఐదో. వానిలో చుక్క నిలుచుట దుర్ఘటము. కావున తెరపై ప్రూఫు దిద్దువాడు ఒకదానిని మరొకటిగా భ్రమించి విడిచిపెట్టును. శాస్త్రగ్రంథమున ఇట్టి దోషము సిద్ధాంతమునే తారుమారు చేయగలదు.

1984లో అడోబీ సంస్థ పోస్టుస్క్రిప్టును, 1991లో ఆపిల్ సంస్థ ట్రూటైపును వెలువరించినవి. రెంటను అక్షరరూపము గణితవక్రములతోనే నిర్మితము. మొదటిది ముద్రణాలయములలో పాదుకొన్నది. రెండవదానిలో తెరపై ఏ బిందువు వెలుగవలెనో శాసించు సూచనలను సవిస్తరముగా చేర్చవచ్చును. అయితే ఆ సూచనలు నిలువుగీతలు, అడ్డగీతలు గల రోమను లిపికి ఉపకరించినంతగా వర్తులాకారమైన మన లిపికి ఉపకరింపవు.

నేటి చరవాణులలో అంగుళమునకు 300కు మించిన బిందువులు కలవు గదా, ఈ చర్చ ఏల యని కొందరనవచ్చును. చుక్క విషయమున ఆ మాట సత్యమే. కాని “కార్త్స్న్యము” వంటి పదమును చూడుడు. రేఫ క్రింద నాలుగు ఒత్తులు చేరవలెను. తెరకై పంక్తుల ఎడమును కుదించిన ఫాంటులలో చివరి ఒత్తు తెగిపోవుటయో, క్రిందిపంక్తితో కలిసిపోవుటయో సంభవించును. ఇది బిందువుల సంఖ్యతో తీరునది కాదు. అక్షరసంయోజన నియమములను ఫాంటులో శ్రద్ధగా రచించినగాని తీరదు.

పాత డి.టి.పి. ఫాంటులలో 256 స్థానములకు మించి లేకుండుటచే అక్షరములను ముక్కలుగా చేసి అతికించెడివారు. కాగితముపై అవి చక్కగానే ముద్రితమైనవి. కాని ఆ ఫాంటు లేనిచోట ఆ పాఠము చదువరాదు, పదము వెదుకరాదు. యూనికోడులో తెలుగు 1991నాటి మొదటి కూర్పునందే చేరినను, తెలుగు అవగ్రహచిహ్నము 2008లోగాని చేరలేదు. నేడు ఆ లోపమును తీరినది గనుక పాతపద్ధతిని పట్టుకొని వ్రేలాడుటకు హేతువు లేదు. పోతన, వేమన ఫాంటులు, ప్రబంధకవుల పేర్లతో వెలసిన ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. అయితే వీనిలో కొన్ని శీర్షికలకే తగినవని గ్రహింపవలెను.

మన ప్రాంతమున కుర్క్యాల బొమ్మలగుట్టపై జినవల్లభుని పదవ శతాబ్ది శాసనము సంస్కృత కన్నడ తెలుగు భాషలలో నేటికిని నిలిచియున్నది. చెక్కినవాడు శిలాస్వభావమెరిగి అక్షరమును మలచినాడు. మనమును ఆధారమెరిగి అక్షరమును ఎన్నుకొనవలెను.

కావున మూడు నియమములను ప్రతిపాదించుచున్నాను. పాఠము యూనికోడులోనే ఉండవలెను. “అర్థము–అర్ధము”, “కార్త్స్న్యము”, “సోఽహమ్” అను పదములతోను, స్వరచిహ్నములు గల ఒక వేదవాక్యముతోను ఫాంటును పరీక్షింపవలెను. తుదిప్రూఫును ముద్రణపరిమాణముననే కాగితముపై దిద్దవలెను. ఇందులకగు వ్యయము నాలుగు కాగితములు. దిద్దని దోషము గ్రంథమున్నంతకాలము నిలుచును. విజ్ఞులు ఆలోచింతురు గాక!