ఫాదర్స్ డే నాటి పోస్టర్

2020 జూన్ 21, ఫాదర్స్ డే. రామ్ గోపాల్ వర్మ ‘మర్డర్’ సినిమా పోస్టర్ వదిలింది ఆ రోజే. టైటిల్‌తో పాటు ‘కుటుంబ కథా చిత్రమ్’ అనే మాట ఒకటి. సినిమా ఎవరి పక్షమో చెప్పడానికి ఆ తేదీ చాలు.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భవతైన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ప్రణయ్‌ని వెనక నుంచి వచ్చి నరికి చంపారు. సీసీటీవీలో ఆ దృశ్యాన్ని రాష్ట్రాలకి రాష్ట్రాలే చూశాయి. ప్రణయ్ దళితుడు, అమ్మాయి వైశ్యుల ఇంటి పిల్ల. కోటి రూపాయలకి బేరం కుదిర్చింది ఆమె తండ్రి మారుతీరావే అని పోలీసుల అభియోగం. విచారణ ముగియకముందే, 2020 మార్చిలో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. మూడు నెలలకి పోస్టర్.

హంతకుడి మనసులోకి వెళ్లడం కళ పనే కదా అంటారు మిత్రులు. కాదని ఎవరన్నారు? దాస్తయెవ్‌స్కీ చేసిందదే. కానీ రస్కోల్నికోవ్ వాదనని ఎంత శ్రద్ధగా వినిపిస్తాడో, అది కూలిపోవడాన్నీ అంతే ఓపికగా చూపిస్తాడు. ఇక్కడ ‘తండ్రి ప్రేమ’ అన్న మాట దగ్గరే వాదన ఆగిపోతుంది. మేం కోడ్‌లో తప్పు వెతికేటప్పుడు అన్నీ అలాగే ఉంచి ఒక్కటి మార్చి చూస్తాం. ఇక్కడా అబ్బాయి కులం ఒక్కటి మార్చండి. లేచిపోయిన కూతురిని నెల తిరక్కుండానే ఇంటికి పిలిపించి, ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ పెట్టిన తండ్రులు మనకెంతమంది తెలీదు! ప్రేమ రెండు చోట్లా ఉంది. కత్తి ఒకచోటే ఉంది.

మరాఠీ ‘సైరాట్’ (2016)లో చంపడానికొచ్చే అన్న ఏడుస్తూ రాడు. అమ్మ పంపిన సారె పట్టుకుని వస్తాడు, టీ తాగుతాడు. నాగరాజ్ మంజుళేకి హంతకులు తెలియక కాదు, బాగా తెలిసే అలా తీశాడు.

కోడుమూరులో మా ఇంట్లో అత్త ఫోన్లో ట్రైలర్ చూసి, “పాపం ఆయప్ప! కన్న కడుపు ఊరుకుంటాదా?” అంది. మాది ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. అయిదేళ్లకోసారి దళితుడికే ఓటేస్తాం, గ్లాసు మాత్రం వేరే ఉంటుంది. అత్త దుర్మార్గురాలేమీ కాదు. ఆమెకి ముందునుంచీ ఉన్న మాటకి సినిమా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఇచ్చింది, అంతే. ఆ రోజు నేను కూడా ఏమీ అనకుండా అన్నం తిని లేచాను. ఇది రాయడానికి అదీ ఒక కారణం.

ప్రణయ్ భార్య నల్గొండ కోర్టుకెళ్తే సినిమా ఆగింది. తర్వాత అసలు పేర్లు వాడొద్దన్న షరతుతో హైకోర్టు అనుమతిచ్చింది. డిసెంబర్ 24న విడుదలైంది. పేర్లు మారిస్తే ఎవరికి తెలీదు? ప్రచారమంతా ఆ కథ పేరు మీదే జరిగాక! కన్నతండ్రి చావునీ, భర్త హత్యనీ మోస్తున్న మనిషి, పసిబిడ్డని పెట్టుకుని, తన బతుకుని తెరమీద వేయొద్దని లాయర్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది. దాన్నే మనం భావప్రకటనా స్వేచ్ఛ మీద చర్చగా చదివాం.

అసలు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. ఆ సాయంత్రం అత్తకి ఫోన్ చేసి ప్రణయ్ కేసులో శిక్ష పడిందని చెప్పాను.

“ఏ ప్రణయ్?” అంది.

మిర్యాలగూడ అన్నాను.

“ఓ, కూతురి కోసం సచ్చిపోయినాడే, ఆ నాయన కథనా?”