సాక్ష్యానికి పోయిన రోజు కూలి ఎవరిస్తారు?

పోయిన ఏడు బతుకమ్మకు పది రోజుల ముందు, పెద్దవంగర మండలంలోని ఒక ఊళ్లో, దళితవాడ మొదట్లో కుట్టుమిషన్ పెట్టుకున్న ఒక అక్క చేతికి కోర్టు సమన్లు వచ్చాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడుస్తున్న కేసులో ఆమె సాక్షి. తన షాపు ముందే ఒక దళిత యువకుడిని కులం పేరుతో తిట్టి కొట్టడం ఆమె కళ్లారా చూసింది. పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పింది. ఇప్పుడు అదే మాట జడ్జి ముందు చెప్పాలి.

ఏడాదిలో ఆమెకు నాలుగు పైసలు మిగిలేది ఆ పది రోజుల్లోనే. మిషన్ పక్కన జాకెట్ గుడ్డలు కుప్పగా ఉన్నాయి. పండుగ నాటికి ఇవ్వకపోతే మళ్లీ ఎవరూ రారు. సమన్లు కాదంటే వారంటు వస్తుందని కానిస్టేబుల్ చెప్పిపోయాడు.

"నాలుగు సార్లు పోయిన తమ్మీ. మూడు సార్లు ఉత్తగనే వచ్చిన. ఒకసారి వకీలు రాలేదన్నరు, ఒకసారి జడ్జి సెలవన్నరు, ఇంకోసారి పొద్దుగూకేదాక కూసోబెట్టి వాయిదా అన్నరు" అని నాతో చెప్పింది. నాలుగోసారి సాక్ష్యం రికార్డయింది. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఆమె పేరు, ఊరు, ఆ కోర్టు, ఆ ఆఫీసు వివరాలు ఇక్కడ రాయడం లేదు. అత్యాచార కేసుల్లో సాక్షుల మీద నేను చేస్తున్న పరిశోధనలో ఇలాంటి మాటలు చాలా విన్నాను. ఆమె చేత నేను వేయించిన లెక్క మాత్రం ఇక్కడ చెప్పాలి.

నాలుగు రోజుల లెక్క

పండుగ సీజన్‌లో రోజుకు నాలుగు లైనింగ్ జాకెట్లు కుడితే ఖర్చులు పోను ఆమెకు ఎనిమిది వందలు మిగులుతాయి. నాలుగు రోజులకు 3,200 రూపాయలు. ఒంటరిగా పోవడానికి భయపడి తమ్ముడిని వెంట తీసుకెళ్లింది. అతనిది ఫైనాన్స్ మీద కొన్న ఆటో. తొర్రూరు రూట్‌లో తిప్పితే డీజిల్ పోను రోజుకు ఏడు వందలు. అతనికి నాలుగు రోజులకు 2,800. ఇద్దరిదీ కలిపి 6,000 రూపాయలు. ఆ నెల ఆటో కిస్తీ కోసం ఆమె మహిళా సంఘంలో అప్పు తీసుకుంది.

వచ్చింది ఎంత? నేను మాట్లాడే నాటికి ఒక్క రూపాయి రాలేదు. అడగవచ్చని కూడా ఆమెకు తెలియదు. కోర్టులో ఎవరూ చెప్పలేదు. తెలిసి అడిగిన తర్వాత ఒక ఆఫీసులో "బస్సు టికెట్లు ఉన్నాయా?" అన్నారు. మొదటిసారి పోయింది ఆర్టీసీ బస్సులో. మహాలక్ష్మి పథకం కింద ఇచ్చిన జీరో టికెట్‌ను దిగగానే పారేసింది. మిగతా మూడుసార్లు తమ్ముడి ఆటోలో పోయింది. సొంత తమ్ముడి ఆటోకు కిరాయి రసీదు ఎక్కడి నుంచి తేవాలి?

జ్యూరీ పోయింది, పిలుపు మిగిలింది

అమెరికాలో, ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లలో అక్కడి పౌరసత్వం తీసుకున్నవారికి జ్యూరీ డ్యూటీ పిలుపు వస్తుంటుంది. సొంత వ్యాపారం ఉన్నవారికి అది తలనొప్పే. షాపు మూస్తే ఆ రోజు ఆదాయం పోతుంది, జీతం ఇచ్చే యజమాని ఉండడు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో జ్యూరర్‌కు రోజుకు 50 డాలర్లు ఇస్తారు. ఇంగ్లండ్‌లో మొదటి పది రోజుల వరకు రోజుకు గరిష్ఠంగా 64.95 పౌండ్ల ఆదాయ నష్టం అడగవచ్చు. స్వయం ఉపాధి ఉన్నవాళ్లు కూడా ఆదాయ రుజువు చూపి అడగవచ్చు. తేదీ కుదరకపోతే ఒకసారి, ఏడాదిలోపు ఇంకో తేదీకి మార్చమనవచ్చు. ఆ డబ్బు సరిపోదని అక్కడా గొణుగుతారు. అయితే పౌరుడిని కోర్టుకు పిలిస్తే అతని పని ఆగుతుందన్న ఎరుక ఆ పద్ధతిలో ఉంది.

మన దేశంలోనూ జ్యూరీ ఉండేది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సెషన్స్ జడ్జి, కలెక్టర్ కలిసి జ్యూరర్ల, అసెసర్ల జాబితా తయారుచేసేవారు. ఎవరు అర్హులో 'చదువు, నడవడి' చూసి వాళ్లే తేల్చేవారు. ఊరి బావి దగ్గరికే రానివ్వని మనుషులకు ఆ జాబితాలో చోటు ఎంత దొరికి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1959లో బొంబాయిలో నానావతి హత్య కేసులో జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అని చెప్పడం, హైకోర్టు దాన్ని కొట్టేయడం దేశమంతా చర్చ అయింది. అప్పటికే లా కమిషన్ జ్యూరీ వద్దని చెప్పి ఉంది. 1973 నాటి కోడ్‌లో జ్యూరీకి చోటు లేకుండా పోయింది.

తీర్పు చెప్పడానికి మామూలు మనిషిని పిలవడం అలా ఆగింది. సాక్ష్యం చెప్పడానికి పిలవడం ఆగలేదు. న్యాయం కోసం ఒక రోజు పని మానుకుని రమ్మని ఈ దేశంలో రాజ్యం మామూలు మనిషిని అడిగేది ఇప్పుడు ప్రధానంగా సాక్షిగానే. అత్యాచార కేసుల్లో ఆ పిలుపు ఎక్కువగా వచ్చేది దళితవాడకే. దెబ్బలు తిన్నవాళ్లదీ చూసినవాళ్లదీ ఒకే వాడ.

చట్టంలో ఏముంది?

మామూలు క్రిమినల్ కేసుల్లో సాక్షి ఖర్చులు కోర్టు 'ఇప్పించవచ్చు' అని మాత్రమే ఉంది. పాత కోడ్‌లో 312వ సెక్షన్ చెప్పిన ఆ మాటే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ కొనసాగింది. అత్యాచారాల నిరోధక చట్టం అలా కాదు. సాక్షుల ప్రయాణ, పోషణ ఖర్చుల బాధ్యత 1989 చట్టంలోని 21వ సెక్షనే ప్రభుత్వం మీద పెట్టింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో చేరిన 15ఏ సెక్షన్ దాన్ని బాధితుల, సాక్షుల హక్కుల్లో చేర్చింది.

వివరాలన్నీ 1995 నియమాల్లోని 11వ నియమంలో ఉన్నాయి. బాధితులకు, వారి మీద ఆధారపడినవారికి, సాక్షులకు రానుపోను చార్జీలు ఇవ్వాలి. సాక్షి మహిళ అయితే తనకు నచ్చిన ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు, ఆ తోడుకు కూడా ఖర్చులు ఇవ్వాలి. అరవై ఏళ్లు దాటినవారికి, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి కూడా ఈ హక్కు ఉంది. ఇల్లు విడిచి ఉన్న ప్రతి రోజుకూ పోషణ ఖర్చు ఇవ్వాలి. అది వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకూడదు. ఇదంతా వెంటనే, ఆలస్యమైనా మూడు రోజుల్లోగా చెల్లించాలి. చెల్లించాల్సింది కలెక్టర్, ఆర్డీఓ లేదా మరే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అయినా. అంటే తహసీల్దార్ కూడా. సాక్షి ఏ కులమైనా ఈ నియమం వర్తిస్తుంది. గొడవ చూసిన టీకొట్టు బీసీ అన్నకూ ఇదే హక్కు.

పెద్దవంగర 2016లో మండలమైంది. అంతకుముందు కొడకండ్ల మండలంలో, వరంగల్ జిల్లాలో ఉండేది. కొత్త జిల్లాలు, కొత్త మండలాలు పెట్టింది పాలన జనం గడప దగ్గరికి రావడానికే అన్నారు. 2022 జూన్ 2న రాష్ట్రంలో 33 జ్యుడీషియల్ జిల్లాలు కూడా వచ్చాయి. తహసీల్దార్ ఆఫీసు ఇప్పుడు మండల కేంద్రంలోనే ఉంది. సాక్షి డబ్బులు మాత్రం గడప దాకా రావడం లేదు.

కూలీ ఒక్కరే సాక్షా?

11వ నియమం రాసిన 1995లో దళిత సాక్షి అంటే వ్యవసాయ కూలీ అనే ఊహ ఉంది. అందుకే కొలత వ్యవసాయ కూలి అయింది. ఆ ఊహ అప్పటికి తప్పు కాదు. ఇప్పుడు మన వాడల్లో కూలీలతో పాటు టైలర్లు, ఆటో డ్రైవర్లు, కిరాణా కొట్టువాళ్లు, సెంట్రింగ్ సామాను కిరాయికి ఇచ్చేవాళ్లు, బర్రెలు పెట్టి పాలు పోసేవాళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామందిని ఈ దారిలోకి పంపింది ప్రభుత్వమే. ఎస్సీ కార్పొరేషన్ రుణాలు దశాబ్దాలుగా ఉన్నాయి. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్‌లో మొదలుపెట్టిన దళితబంధు కుటుంబానికి 10 లక్షలు ఇచ్చి, మీ కాళ్ల మీద మీరు నిలబడండి అని చెప్పింది.

అదే ప్రభుత్వం అదే మనిషిని సాక్షిగా పిలిచినప్పుడు, ఆ కాళ్ల కింద నేల ఎంత కదులుతుందో లెక్క కట్టదు. కూలీకి కోర్టుకు పోయిన రోజు కూలి పోతుంది. సొంత పని ఉన్న మనిషికి ఆ రోజు ఆదాయం పోతుంది, కిస్తీ మాత్రం ఆగదు, ఆ పైన గిరాకీ పోతుంది. ఈ మూడోది ఎవరూ మాట్లాడని నష్టం.

ఆ అక్క గిరాకీలో సగం పెద్ద కులాల ఇళ్ల నుంచి వచ్చేది. నిందితుల ఇళ్లూ, వాళ్ల చుట్టాల ఇళ్లూ అందులో ఉన్నాయి. సాక్ష్యం చెప్పి వచ్చాక ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. "గుడ్డలు తెచ్చుడు బంద్ చేసిండ్రు, అంతే" అంది. ఆర్థిక బహిష్కారం 2016 నుంచి ఈ చట్టం కింద శిక్షార్హమైన నేరం. కానీ ఎవరి మీద ఫిర్యాదు పెట్టాలి? జాకెట్ ఎక్కడ కుట్టించుకోవాలో వాళ్లిష్టం అంటే ఏ పోలీసు రాసుకుంటాడు? పొలం కూలీ ఊరు దాటి ఇంకో ఊళ్లో పనికి పోవచ్చు. ఊరినే నమ్ముకుని షాపు పెట్టినవాళ్లు ఎక్కడికి పోవాలి?

నిందితుల వైపు వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ప్రతి వాయిదా సాక్షి జేబుకు చిల్లు. నాలుగైదు వాయిదాలయ్యాక రాజీ మాట మొదలవుతుంది. ఇంత నష్టం దేనికి, నాలుగు పైసలు తీసుకుని మరిచిపోండి అంటారు. సాక్షి ఎదురు తిరిగాడని, కేసు వీగిపోయిందని రికార్డులో చేరుతుంది. ఆ తర్వాత టీవీల్లో కూర్చుని ఇవన్నీ తప్పుడు కేసులని మాట్లాడతారు. శిక్షలు ఎందుకు పడడం లేదో వెతికేవాళ్లు సాక్షి కిస్తీ పుస్తకం కూడా తెరిచి చూడాలి.

చార్జిషీటు పడ్డాక వీలైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగించాలని, రోజువారీగా నడపాలని ఈ చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో జరిగిన ప్రణయ్ హత్య కేసులో నల్లగొండ కోర్టు తీర్పు వచ్చింది 2025 మార్చి 10న. దేశమంతా చూస్తున్న కేసుకే ఆరున్నరేళ్లు పట్టింది. ఎవరూ చూడని మారుమూల కేసులో సాక్షి ఎన్నేళ్లు షాపు మూసుకోవాలి?

చుండూరు చూపిన దారి

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణ ఊళ్లోనే జరగాలని అక్కడి దళితులు పట్టుబట్టారు. చివరికి చుండూరులోనే ప్రత్యేక కోర్టు నడిచింది. సాక్షులు ఇల్లు, పని విడిచి దూరం పోలేదు, పక్కన తమ మనుషులు ఉన్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ గాయం మానలేదు. అయినా కోర్టే సాక్షి దగ్గరికి రావచ్చని ఈ దేశానికి చూపింది చుండూరు దళితులే. కనీసం సాక్షులు ఎక్కువమంది ఉన్న కేసుల్లోనైనా మండల కేంద్రాల్లో విచారణ రోజులు పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇప్పుడు చేయదగ్గవి

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. వ్యవసాయ కూలి కనీస వేతనానికి 'తగ్గకూడదు' అని నియమం చెప్పింది, మించకూడదు అనలేదు. సొంత పని చేసుకునే సాక్షులకు వేరే రేటు రాష్ట్ర ప్రభుత్వం ఒక్క జీవోతో పెట్టవచ్చు. సాక్షి పేరు పిలిచిన రోజే డబ్బు ఇచ్చేలా తహసీల్దార్లకు అధికారం, నిధి ఇవ్వవచ్చు. మూడు నెలలకు ఒకసారి కలెక్టర్ అధ్యక్షతన జరగాల్సిన జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీలో ఎంతమంది సాక్షులు వచ్చారు, ఎంతమందికి మూడు రోజుల్లో డబ్బు అందింది అనే లెక్క పెట్టించవచ్చు. చట్టం, నియమాలు అప్పగించిన విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు శిక్ష అని 4వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్‌ను కమిటీ సభ్యులు ఒకసారి గట్టిగా చదివి వినిపిస్తే చాలు.

సమన్లు వచ్చినవాళ్లు చేయాల్సినవీ కొన్ని ఉన్నాయి. సమన్ల కాగితం పారేయకండి. వాయిదా పడినా సరే, ఆ రోజు హాజరైనట్టు కోర్టు నుంచి కాగితం అడగండి. జీరో టికెట్ అయినా దాచండి, ప్రయాణం చేసిన తేదీకి అది రుజువు. ఆటోలో పోతే తేదీ, దూరం, కిరాయి రాసి డ్రైవర్ సంతకం తీసుకోండి. మహిళలు తోడు వచ్చినవారి పేరు దరఖాస్తులో తప్పక రాయండి. దరఖాస్తు ఆర్డీఓకో కలెక్టర్‌కో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మూడు రోజులు దాటితే ఆ ముద్రే మీ చేతిలో ఆధారం.

విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మది ఈ పాలకుర్తి గడ్డే. పెద్దవంగర ఉన్నదీ పాలకుర్తి నియోజకవర్గంలోనే. ఆ అక్కను చివరగా అడిగాను, మళ్లీ సమన్లు వస్తే పోతావా అని. మిషన్ తొక్కుతూనే చెప్పింది: "పోత. చూసింది చూసిననే చెప్త. గని తమ్మీ, నన్ను పిలిచేటోళ్లు నా మిషన్ మొకం గూడ జర చూడాలె గదా."